పిల్లలకి గేమ్ బండిల్స్ గిఫ్ట్‌గా కొంటున్నారా? ముందు ఈ లెక్క చూడండి

ముందే చెప్పేస్తా. మీరు గిఫ్ట్ ఇవ్వాలనుకున్నది ఒక్కరికే, ఆ పిల్లాడు ఫలానా గేమ్ కావాలని నోరు తెరిచి అడిగి ఉన్నాడు అంటే బండిల్ (కొన్ని గేములు కలిపి అమ్మే మూట) జోలికి పోకండి. కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్ సైట్‌లో సేల్ పడేదాకా ఆగి ఆ ఒక్క గేమ్ కొని నేరుగా వాడికే పంపండి, రూపాయల్లో అయిపోతుంది. అలా కాకుండా ఇంట్లో, చుట్టాల్లో ఆడే పిల్లలు నలుగురైదుగురు ఉంటే మాత్రం హంబుల్ బండిల్ లాంటి సైట్‌లో కొనే బండిల్‌కి మించిన గిఫ్ట్ నాకైతే కనపడలేదు, ఒక్కసారి కట్టిన డబ్బుతో అందరికీ తలా ఒకటి పంచొచ్చు. దీని వెనక సంగతంతా వివరంగా రాస్తున్నా, ఎందుకంటే తిరుపతిలో కూర్చుని ఇవి కొనేవాళ్లకి పనికొచ్చేలా తెలుగులో ఎవరైనా రాశారేమో అని నేను చాలానే వెతికాను. దొరికినవన్నీ డాలర్లలో సంపాదించి డాలర్లలో ఖర్చు పెట్టేవాళ్లు రాసినవే, వాళ్ల లెక్క మనకి కుదరదు.

మాది పెద్ద కుటుంబం. మదనపల్లెలో మా అన్న పిల్లలు ఇద్దరు, చిత్తూరులో మా పిన్ని కూతురి కొడుకు, డల్లాస్‌లో మా చిన్నన్న కూతురు, వీళ్లు కాక ఇక్కడ బైరాగిపట్టెడలో మా పక్కింటి పిల్లలు, వాళ్లు కూడా నన్ను అత్తా అనే పిలుస్తారు. ఎండాకాలం సెలవుల్లో, ముఖ్యంగా మే నెలలో గంగమ్మ జాతరకి, ఇండియాలో ఉన్నవాళ్లంతా మా ఇంట్లోనే దిగుతారు. వీళ్లకి పుట్టినరోజులనీ, పరీక్ష పాసయ్యారనీ ఇన్నేళ్లూ గాంధీ రోడ్డులో బట్టలు కొనేదాన్ని. కొలతలు సరిపోవు, రంగు నచ్చదు, థాంక్స్ అత్తా అని చెప్పి బీరువాలో పెట్టేస్తారు. గేమ్ ఇస్తే అలా కాదు, ఆ రాత్రే ఫోన్ వస్తుంది, ఎక్కడిదాకా ఆడారో, ఎక్కడ ఆగిపోయారో చెప్తారు. నేనూ ఆడతా కాబట్టి నాకు అర్థమవుతుంది. ఇంటర్ చదివే కుర్రాడు అత్తతో అరగంట ఫోన్‌లో మాట్లాడటం అంటే మామూలు విషయం కాదు, అందుకే ఈ గిఫ్టుల వ్యవహారం నాకు అంత ముఖ్యం.

బండిల్ అంటే తెలియనివాళ్లకి రెండు మాటలు. నాలుగైదు నుంచి పది దాకా గేములు కలిపి ఒక మూటగా కట్టి, విడివిడిగా కొంటే అయ్యే దాంట్లో చాలా తక్కువకి అమ్ముతారు. ఈ పద్ధతికి పేరు తెచ్చింది హంబుల్ బండిల్. 2010 మేలో వుల్ఫైర్ గేమ్స్ అనే చిన్న కంపెనీ వాళ్లు వరల్డ్ ఆఫ్ గూ, ఆక్వేరియా లాంటి చిన్న గేముల్ని కలిపి, మీకు తోచినంత ఇవ్వండి, అందులో ఎంత భాగం గేమ్ చేసినవాళ్లకి వెళ్లాలో, ఎంత ధర్మానికి వెళ్లాలో కూడా మీరే చెప్పండి అని పెట్టారు. జనం పది లక్షల డాలర్లకి పైనే ఇచ్చారు. 2017లో దాన్ని గేమ్ వార్తలు రాసే ఐజీఎన్ కొనేసింది. ఇప్పుడు తోచినంత అనేది పేరుకే మిగిలింది, ఇంత కడితే ఇన్ని గేములు, అంత కడితే అన్నీ అని మెట్లు పెట్టారు. ఒక్కో బండిల్ రెండు మూడు వారాలుండి పోతుంది. ఇలాంటిదే ఫనాటికల్ అని ఇంకోటుంది, 2017 దాకా దాని పేరు బండిల్ స్టార్స్. అందులో మనకి నచ్చినవి ఏరుకుని మనమే మూట కట్టుకునే సదుపాయం కూడా ఉంది.

ఇక అసలు విషయం, డిస్కౌంటు. బండిల్ పేజీలో పెద్ద అక్షరాలతో ఇంత విలువైన గేములు ఇంతకే అని రాసి ఉంటుంది కదా, ఆ విలువ అమెరికా ధరలు కలిపి వేసింది. మనకి స్టీమ్‌లో 2015 నవంబర్ నుంచి రూపాయల్లో ధరలున్నాయి, చాలా గేములకి ఆ ధర డాలరు ధరని రూపాయల్లోకి మార్చిన దానికంటే తక్కువే ఉంటుంది. 2022లో స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ గేమ్ చేసేవాళ్లకి సూచించే ధరలు పెంచాక ఆ తేడా కొంత తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. దానిమీద స్టీమ్‌లో సేల్స్ కూడా పడుతుంటాయి, జూన్ ఆఖర్లో ఎండాకాలం సేల్, డిసెంబర్ రెండో సగంలో చలికాలం సేల్, ఈ రెండూ పెద్దవి.

ఉదాహరణకి 200 డాలర్ల విలువైన ఎనిమిది గేములు 12 డాలర్లకే అని ఉందనుకోండి. 94 శాతం తగ్గింపు, చూడగానే చేయి ఆగదు. డాలరు 90 రూపాయలు అనుకుంటే 1,080 అయింది, కార్డు మీద పడేవి కలిపితే 1,125 దాకా పోతుంది. ఇప్పుడు ఆ ఎనిమిదింటిలో మన పిల్లలు నిజంగా ఆడేవి మూడే అనుకోండి, ఆ మూడూ స్టీమ్ సేల్‌లో ఒక్కోటి 250 రూపాయలకి దొరుకుతుంటే మొత్తం 750. అంటే 94 శాతం తగ్గింపు అని చెప్పి మన దగ్గర 375 రూపాయలు ఎక్కువ తీసుకున్నట్టు. అదే ఎనిమిదింటిలో ఆరు గేములకి మన ఇంట్లో ఆడేవాళ్లుంటే లెక్క మొత్తం తిరగబడుతుంది, అప్పుడు ఒక్కో గేమ్ 190 రూపాయల లోపే పడింది. కాబట్టి నేను శాతాల వైపు చూడటం మానేశా. ఎవరెవరికి ఏది అని కాగితం మీద పేర్లు రాసుకుంటా, పేరు పడని గేమ్ విలువ సున్నా. ఆ గేమ్ ఇంతకుముందు ఎంత తక్కువకి అమ్మారో స్టీమ్‌డీబీలో, ఈజ్ దేర్ ఎనీ డీల్ అనే సైట్‌లో కనపడుతుంది, రెండూ ఉచితమే. పది నిమిషాలు పట్టే పని, తప్పకుండా చేయండి.

డబ్బు కట్టడం గురించి. స్టీమ్‌లో యూపీఐతోనే కట్టేయొచ్చు, టెన్షన్ లేదు. హంబుల్‌లో డాలర్లలో కట్టాలి, కార్డు కావాలి. 2020లో రిజర్వ్ బ్యాంక్ తెచ్చిన నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో విదేశీ చెల్లింపులు మొదట ఆపేసి ఉంటాయి, బ్యాంకు యాప్‌లోకి వెళ్లి మనమే తెరవాలి. కొన్నాక మళ్లీ ఆపేయండి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా, ఎందుకంటే విదేశీ సైట్లు చాలావరకు ఓటీపీ అడగకుండానే డబ్బు లాగేస్తాయి, కార్డు నంబరు ఎవరి చేతిలోనైనా పడితే అంతే సంగతులు. ఇంకోటి, డాలర్లలో కడితే బ్యాంకు మార్కప్ అని వేస్తుంది, చాలా కార్డులకి అది 3.5 శాతం, దానిమీద 18 శాతం జీఎస్టీ, అంటే కట్టిన దానికి 4.13 శాతం అదనం. పైన లెక్కలో నేను కలిపింది ఇదే. పన్ను ఏమైనా పడుతుందేమో చివరి పేజీలో మొత్తం చూసుకున్నాకే నొక్కండి.

ఇప్పుడు పంచడం. నాకు హంబుల్ నచ్చడానికి పెద్ద కారణం ఇదే. బండిల్ కొనేటప్పుడే మొత్తం మూటని ఒకరికి గిఫ్ట్‌గా పంపొచ్చు. లేదంటే మన ఖాతాలో పెట్టుకుని ఒక్కో గేమ్‌కి విడిగా గిఫ్ట్ లింకు తీసి ఒక్కొక్కరికి పంపొచ్చు. గేమ్ పేరు పక్కన బటన్ నొక్కగానే కోడ్ (స్టీమ్‌లో వేస్తే ఆ గేమ్ మన ఖాతాలోకి వచ్చే అక్షరాలు) చూపించాలా, గిఫ్ట్‌గా పంపాలా అని అడుగుతుంది. ఇక్కడ జాగ్రత్త, కోడ్ ఒకసారి తెరిచి చూసేస్తే ఇక దానికి గిఫ్ట్ లింకు రాదు. ఆ తర్వాత కోడ్‌నే వాట్సాప్‌లో పంపుకోవాలి. పనవుతుంది గానీ, కోడ్ పంపితే ఎవరు ముందు వాడితే వాళ్లదే. పదిమంది ఉన్న ఫ్యామిలీ గ్రూపులో పెడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. లింకు అయితే అందుకున్నవాళ్లు లాగిన్ అయ్యి తీసుకున్నాక అది వాళ్లది. నేను ఒక్కొక్కరికీ విడిగా పంపుతా, పంపేటప్పుడు ఆ గేమ్ ఎందుకు ఏరానో రెండు లైన్లు రాస్తా. ఉత్త లింకు పంపితే బ్యాంకు వాళ్ల మెసేజ్ అనుకుని తెరవరు, పెద్దవాళ్లయితే మోసం అనుకుని డిలీట్ చేసేస్తారు, రోజూ వచ్చే మోసపు లింకుల వల్ల వాళ్లనీ తప్పుపట్టలేం.

కోడ్ అంటే ఐదేసి అక్షరాలు మూడు ముక్కలు, మధ్యలో గీతలు. స్టీమ్‌లో గేమ్స్ మెనూలో కోడ్ యాక్టివేట్ చేసే చోట వేయాలి. చిత్తూరులో మా పిన్ని కూతురి కొడుకు లింకు ఫోన్‌లో తెరిచి, లాప్‌టాప్ ముందు వాళ్లమ్మని కూర్చోబెట్టి ఒక్కో అక్షరం చదివాడు. ఎనిమిది అంటే ఆమె బి కొట్టింది, వి అంటే డబ్ల్యూ, చెల్లదని ఎర్రగా వచ్చేసరికి వాడు నాకు ఫోన్. "పెద్దమ్మా, ఇది పని చేయలేదు, నీ డబ్బులు పోయినాయేమో" అని గొంతు పడిపోయింది. ఆ కోడ్‌ని మెయిల్‌లో తనకి తానే పంపుకుని లాప్‌టాప్‌లో కాపీ చేసి అతికించమన్నా, వెంటనే అయిపోయింది. వరసగా తప్పు కోడ్‌లు కొడుతుంటే స్టీమ్ కాసేపు అసలు వేయనివ్వదు, కాబట్టి చేత్తో కొట్టే పని పెట్టుకోకండి. ఇంకో విషయం, కోడ్ ఏ ఖాతాలో పడితే ఆ ఖాతాదే, మళ్లీ ఇంకొకరికి మార్చడం కుదరదు. అన్నతమ్ముళ్లు ఒకే లాప్‌టాప్ వాడే ఇళ్లల్లో ఎవరి ఖాతా తెరిచి ఉందో చూసుకుని వేయమని ముందే చెప్పండి.

కొన్ని కోడ్‌లకి గడువు తేదీ ఉంటుంది, పేజీలోనే రాసి ఉంటుంది, చదవండి. సంక్రాంతికి ఇద్దామని ఆగస్టులో కొని పెట్టుకుంటే అప్పటికి గడువు దాటిపోవచ్చు. అలాగే కొన్ని గేముల కోడ్‌లు కొన్ని దేశాల్లో పనిచేయవు, అదీ గేమ్ పేరు కిందనే చిన్న అక్షరాల్లో ఉంటుంది.

పిల్లల దగ్గర ఆ గేమ్ ఇప్పటికే ఉందేమో తెలుసుకోవడం ఇందులో అన్నిటికంటే కష్టం. ఎపిక్ గేమ్స్ వాళ్లు 2018 డిసెంబర్‌లో స్టోర్ తెరిచినప్పటి నుంచి గేములు ఉచితంగా ఇస్తూనే ఉన్నారు, ఇప్పుడైతే వారం వారం, గురువారం నాడు. మా పిల్లలు హోంవర్క్ మర్చిపోతారు గానీ గురువారం మర్చిపోరు. బండిల్స్‌లో వచ్చేవి తరచుగా రెండు మూడేళ్ల పాత గేములు, ఎపిక్‌లో ఉచితంగా వచ్చేవీ అదే రకం. "అత్తా, ఇది నా దగ్గర ఉండాదే, ఎపిక్‌లో ఊరికే ఇచ్చినారు" అని మా అన్న కొడుకు అంటే, ఆ గేమ్ లింకు వాడు ఇంకా తీసుకోలేదు కాబట్టి పక్కింటి పాపకి పంపేశా. లింకు పద్ధతిలో ఉన్న సుఖం అదే. ఇప్పుడు నేను అడిగే పద్ధతి ఏంటంటే, గిఫ్ట్ అని చెప్పకుండా మాటల్లో నీ దగ్గర ఏమేం ఉన్నాయిరా, లైబ్రరీ ఫొటో తీసి పంపు, నేను కూడా ఆడతా అంటా. స్టీమ్ విష్‌లిస్ట్ (కావాలనుకున్న గేముల జాబితా) అందరికీ కనపడేలా పెట్టుకుంటే ఇంకా తేలిక.

ఇక స్టీమ్‌లో నేరుగా గిఫ్ట్ ఇచ్చే పద్ధతి. 2017లో మార్చేశారు, అంతకుముందు గిఫ్టులు కొని మన దగ్గర దాచుకునేవాళ్లం, ఇప్పుడు కొనేటప్పుడే ఎవరికో చెప్పాలి, వాళ్లు మన ఫ్రెండ్ లిస్టులో ఉండాలి. ఫలానా తేదీకి చేరాలని ముందే పెట్టుకోవచ్చు, పుట్టినరోజులకి ఇది చాలా బాగుంది. వాళ్లు వద్దనుకుంటే తిప్పి పంపొచ్చు, మన డబ్బు మనకి వస్తుంది. ఆ గేమ్ వాళ్ల దగ్గర ఉంటే ముందే చెప్పేస్తుంది, పంపనివ్వదు. తీసుకున్నాక కూడా 14 రోజుల్లోపు, రెండు గంటల్లోపు ఆడి ఉంటే, నచ్చలేదని వాళ్లు అడిగితే వాపసు ఉంది. బండిల్ కోడ్‌ల విషయంలో ఈ రక్షణ ఏదీ లేదు. కోడ్ వాడాక మీ దారి మీది.

కొత్త ఖాతాలకి ఒక చిక్కుంది. 5 డాలర్లకి సమానమైన డబ్బు స్టీమ్‌లో ఖర్చు పెట్టని ఖాతా నుంచి ఫ్రెండ్ రిక్వెస్ట్ పంపలేరు, కాబట్టి పిల్లలు పంపలేకపోతున్నాం అంటే మీరే మీ ఖాతా నుంచి పంపండి. మనం ఇచ్చిన గిఫ్టులు, కోడ్‌లు ఆ 5 డాలర్ల లెక్కలోకి రావు. 13 ఏళ్లు నిండనివాళ్లు సొంత ఖాతా తెరవకూడదు, అందుకే మా చిన్నవాళ్లకి ఇచ్చేవి వాళ్ల అమ్మానాన్నల ఖాతాలోకే పంపుతా.

మా అన్న కూతురు తొమ్మిదో తరగతి. స్టార్‌డ్యూ వ్యాలీ కావాలని తనే అడిగింది, 2016లో వచ్చిన వ్యవసాయం గేమ్, ఎరిక్ బారోన్ అనే ఆయన ఒక్కడే కూర్చుని బొమ్మలు, సంగీతం, అన్నీ చేశాడు. అడిగి అడిగి ఉంది కాబట్టి బండిల్స్ వైపు చూడకుండా స్టీమ్ సేల్‌లో కొని పంపా. ఆ సెలవుల్లో మా నాన్న పక్కన కూర్చుని చూస్తున్నాడు. మా నాన్నది మదనపల్లె దగ్గర టమాటా సాగు, జీవితమంతా అదే. పాప ముల్లంగి లాంటి ఏదో పంట వేసి డబ్బాతో నీళ్లు పోస్తోంది, వాన పడితే ఆ రోజు నీళ్లు పోయక్కర్లేదని తాతకి చెప్తోంది. టమాటా ఎప్పుడు వేస్తావు అన్నాడు ఆయన. "దీంట్లో ఎండాకాలమే తాతా, మారు కాలం వస్తే మొక్క చచ్చిపోతాది." మరి మండీలో రేటెంత అంటే, "రేటు మారదు తాతా, ఎప్పుడు అమ్మినా అంతే ఇస్తారు" అంది. ఆయన కళ్లద్దాలు సరిచేసుకుని స్క్రీన్ దగ్గరికి జరిగి, ఆ కొనే మనిషి ఎవరో చూపించమన్నాడు. ఆ ఒక్క గేమ్ మా ఇంట్లో ఇంకా రోజూ నడుస్తోంది. అడిగి ఇప్పించుకున్న గేమ్‌కీ, మూటలో వచ్చిన గేమ్‌కీ ఉన్న తేడా నాకు అక్కడ బాగా తెలిసింది, అందుకే మొదట్లోనే ఒక్కరికైతే బండిల్ వద్దన్నా.

ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఇంకో మాట. 2024 సెప్టెంబర్ నుంచి స్టీమ్ ఫ్యామిలీస్ అందరికీ వచ్చింది, ఒకే ఇంట్లోవాళ్లు ఆరుగురిదాకా కలిసి ఒకరి గేములు ఒకరు ఆడుకోవచ్చు, వేర్వేరు గేములైతే ఒకే సమయంలో కూడా. ఒకే గేమ్ ఇద్దరూ ఒకేసారి ఆడాలంటే మాత్రం రెండు కొనాలి. కొన్ని గేముల వాళ్లు దీనికి ఒప్పుకోలేదు, అవి పంచుకోవడం కుదరదు. అందులోంచి బయటికొస్తే ఏడాదిదాకా ఇంకో ఫ్యామిలీలో చేరలేని నియమం ఉంది కాబట్టి సెలవులకి వచ్చిన పిల్లల్ని సరదాకి చేర్చుకోవద్దు. మా అన్న వాళ్లింట్లో ఇది పెట్టాక ఇద్దరికీ ఒకే గేమ్ రెండుసార్లు కొనే అవసరం దాదాపు పోయింది, బండిల్‌లోంచి ఆ ఇంటికి ఒక్క లింకే పంపుతున్నా.

కొనేముందు వాళ్ల కంప్యూటర్ ఏంటో కనుక్కోండి. ఇంజనీరింగ్‌కి పనికొస్తుందని కొన్న లాప్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండదు చాలావరకు, పెద్ద గేములు తెరుచుకోవు, తెరుచుకున్నా బొమ్మలు ఆగి ఆగి కదులుతాయి. పిల్లాడు మొహమాటపడి బాగుందత్తా అంటాడు, ఆడడు. పెద్ద గేములు ఒక్కోటి 50, 100 జీబీ ఉంటాయి, హాస్టల్‌లో ఫోన్ డేటాతో దింపుకోవాలంటే ఎన్ని రోజులు పడుతుందో ఆలోచించండి. స్టోర్ పేజీలో కిందికి వెళ్తే ఎంత ర్యామ్, ఏ కార్డు, ఎంత జాగా కావాలో ఉంటుంది. బండిల్స్‌లో చిన్న కంపెనీల గేములు ఎక్కువగా వస్తాయి కాబట్టి మన లాప్‌టాప్‌లకి నిజానికి అవే నప్పుతాయి, నాకు బండిల్స్ మీద ఇష్టం పెరగడానికి అదీ ఒక కారణం.

ఇప్పుడు నాకు ఒళ్లు మండిన విషయం. పేరు రాయను, ఒక సైట్‌లో ఇవే గేములు ఇంకా తక్కువకి కనపడ్డాయి, కోడ్‌లు అమ్మే సంత లాంటిది, ఎవరెవరో అమ్మకందార్లు. పక్కింటి అబ్బాయి పుట్టినరోజుకి ఒకటి కొన్నాను. వాడు స్నేహితులందర్నీ పిలిచి వాళ్ల ముందు కోడ్ వేస్తే, ఈ కోడ్ ఇదివరకే వాడేశారు అని వచ్చింది. వాడి మొహం చూసి నాకు కడుపు తరుక్కుపోయింది. సైట్ వాళ్లకి రాస్తే అమ్మకందారుని అడగమన్నారు, అమ్మకందారు స్క్రీన్ రికార్డింగ్ అడిగాడు, ఇచ్చాక మాయమయ్యాడు. డబ్బు ఆఖరికి ఆ సైట్ వాలెట్‌లో వేశారు, బ్యాంకుకి తెచ్చుకునే దారి లేదు. వంద రూపాయలు తక్కువని పిల్లల సంతోషంతో ఆడుకోవడం ఏం వ్యాపారం?

ఇలాంటి చోట కొన్న కోడ్ పనిచేసినా నమ్మకం లేదు. దొంగిలించిన కార్డులతో కోడ్‌లు కొని అమ్మేవాళ్లున్నారు, కార్డు అసలు యజమాని బ్యాంకులో ఫిర్యాదు చేయగానే నష్టం గేమ్ చేసినవాళ్ల మీద పడుతుంది. 2013లో నేచురల్ సెలెక్షన్ 2 చేసిన అన్‌నోన్ వరల్డ్స్ వాళ్లు అలాంటి కోడ్‌లు 1,341 రద్దు చేశారు. 2015 జనవరిలో యూబీసాఫ్ట్ ఫార్ క్రై 4 లాంటి గేముల్ని కొన్నవాళ్ల లైబ్రరీల్లోంచి తీసేసింది, కారణం అదే. గిఫ్ట్ ఇచ్చిన గేమ్ నెల తర్వాత లైబ్రరీలోంచి మాయమైతే పిల్లాడికి ఏమని చెప్తాం? హంబుల్, ఫనాటికల్ లాంటి వాళ్లు గేమ్ కంపెనీల దగ్గర నేరుగా తీసుకుని అమ్ముతారు, కాబట్టి ఆ భయం లేదు. కోడ్ ఎక్కడినుంచి వస్తుందో చెప్పని చోట కొనకండి, ఉచితంగా ఇచ్చినా వద్దు.

ధర్మం సంగతి కూడా చెప్పాలి. హంబుల్‌లో కట్టిన దాంట్లో కొంత భాగం సేవా సంస్థలకి వెళ్తుంది, ఎంత వెళ్లాలో కట్టేముందు జరిపి మార్చుకోవచ్చు. ఒకప్పుడు మొత్తం డబ్బంతా ధర్మానికే ఇవ్వగలిగేవాళ్లం, 2021లో మార్చిన తర్వాత హంబుల్ కంపెనీకి తప్పనిసరిగా కొంత వాటా పోతుంది, ఆ మార్పు నాకు నచ్చలేదు. అయినా 2022లో ఉక్రెయిన్ కోసం పెట్టిన ఒక్క బండిల్‌కే 2 కోట్ల డాలర్లు దాటి వచ్చాయి, అందులో అంతా సాయానికే వెళ్లింది. సర్దుకునే చోటు చాలామంది చూడకుండానే డబ్బు కట్టేస్తారు, కాస్త కిందికి జరిపి చూడండి, అక్కడే ఉంటుంది. నేను మాత్రం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఎవరికి ఎంత వెళ్లాలో వాళ్లతోనే జరిపిస్తా.

డల్లాస్ పాపకి పంపడం గురించి అడిగేవాళ్లు మా ఊళ్లో చాలామంది ఉంటారు, ఇంటికొకరు అమెరికాలో ఉన్నారు కదా. స్టీమ్‌లో రూపాయల్లో కొని అక్కడికి గిఫ్ట్ పంపాలంటే రెండు దేశాల ధరల మధ్య తేడా ఎక్కువున్న గేములకి ఒప్పుకోదు. బండిల్ కోడ్‌కి ఆ అడ్డు లేదు, దేశాల ఆంక్ష ఏమైనా రాసి ఉందేమో చూసుకుని లింకు పంపితే చాలు. మేం అలాగే చేస్తున్నాం. ఇక్కడ నేను ఒక బండిల్ కొంటా, అక్కడ మా చిన్నన్న ఇంకోటి కొంటాడు, ఇద్దరం ఎవరికి ఏది అని ముందే మాట్లాడుకుని లింకులు మార్చుకుంటాం. మన వైపు తయారైనవి మాత్రం విడిగానే కొనిస్తా. హైదరాబాద్‌లో ఓగర్ హెడ్ స్టూడియో వాళ్లు 2017లో చేసిన అసుర, పుణె నాడింగ్ హెడ్స్ వాళ్లు 2020లో తెచ్చిన రాజీ, ఈ రెండింటికీ బండిల్ కోసం ఎదురు చూడలేదు, సేల్ పడే దాకా కూడా ఆగలేదు, పూర్తి ధర పెట్టి కొన్నా.